పాతబండి తలుపు పలకలు



జీవితమంతయు బాలురకు సంధులు, సమాసములు చెప్పిన పంతులు మోటారుబండ్లను గూర్చి మాటలాడుట యేమి యని మీలో కొందరికి నవ్వు రావచ్చును. నవ్వదగిన మాటయే. ఇంజను సంగతి నాకు తెలియదు; తెలిసినట్లు నటింపను. నేటి ప్రసంగమునకు విషయము బండి తలుపులకు లోపలివైపున నమర్చు పలకలు. అవి యెండకును వానకును పాడైనప్పుడు వానిని బాగుచేయుట యెట్లు, అందు దేనిని నిలుపవలెను, దేనిని మార్చవలెను అనునది చెప్పదలచితిని. విషయము చిన్నదే. కాని యీ చిన్న పనిలో నేనొక దిద్దుకొనరాని తప్పు చేసితిని. తప్పు చేసినవాని మాట వినుట ఇతరులకు మేలు గనుక మీతో ముచ్చటించుచున్నాను.

మా పెదతండ్రిగారు ఆయుర్వేదవైద్యులు. గోదావరికి దక్షిణపు టొడ్డున, బూర్గంపహాడు సమీపమున నొక పల్లె వారి నివాసము. 1965లో భద్రాచలమువద్ద వారధి పూర్తియై, రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు దానిని ప్రారంభించిరి. అంతవరకు పడవలపై దాటవలసిన నది బండ్లకు దారి యిచ్చెను. పెదతండ్రిగారు 1973లో ఒక అంబాసిడరు బండిని కొనిరి. పేరు నమోదు చేయించుకొని యేండ్ల తరబడి వేచియుండిననే గాని కొత్తబండి చేతికి రాని కాలమది. ఆ బండి చరిత్రము మీరెరిగినదే. ఇంగ్లండువారి మారిస్ ఆక్స్‌ఫర్డు బండి నమూనాను గ్రహించి, బెంగాలులోని ఉత్తరపారాయందు హిందుస్థాన్ మోటార్సువారు 1957, 58 సంవత్సరముల ప్రాంతమున దానిని చేయ నారంభించిరి. 2014లో ఆ తయారీ నిలిచిపోయెను.

బండి పెదతండ్రిగారిదే యైనను దాని సేవ చుట్టుపట్ల పల్లెలన్నిటిది. ప్రసవవేదన పడు స్త్రీలను, పాముకాటు తిన్నవారిని తమ వైద్యమునకు మించిన దని తోచిన తక్షణమే వారు భద్రాచలమునకో కొత్తగూడెమునకో చేర్చెడివారు. ఒకనాటి రాత్రి పాము కరచిన పిల్లవానిని ఆస్పత్రికి గొనిపోవుచుండగా, చేలోనుండి తిన్నగ వచ్చి బండి యెక్కిన వాని తండ్రి చేతి కొడవలి ముందరి యెడమ తలుపు పలకకు దగిలి, దానిపై రెక్సిను జానెడు మేర చినిగెను. పిల్లవాడు బ్రదికెను. తరువాత మా పెద్దమ్మ ఆ పలక నూడదీయించి, నీలపు రెక్సిను ముక్క నొకదానిని తన చేతితో అతుకుగా కుట్టెను. అది మొదలు ఆమె బండి యెక్కినప్పుడెల్ల ఆ యతుకుమీదనే మోచేయి ఆన్చి కూర్చుండుట యలవాటు.

ఇక వరద సంగతి. భద్రాచలమువద్ద నీరు 43 అడుగులకు వచ్చిన మొదటి ప్రమాదసూచన, 48కి రెండవది, 53కి మూడవది యని మన ప్రాంతమున పిల్లలకు సైతము కంఠపాఠమే. 2022 జూలై మధ్యమున నది 71 అడుగులు దాటెను. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిన పిదప మరల నంతటి నీరు మేము చూచి యెరుగము. మనుష్యులను, గొడ్లను మెట్టకు చేర్చుకొంటిమి. పెదతండ్రిగారు గతించిన తరువాత వాడుక తగ్గి, బ్యాటరీ చచ్చి, కొట్టమున నిలిచియున్న బండిని మాత్రము కదల్పలేకపోతిమి. నీరు తీసిన పిదప చూడగా సీట్లవరకు ఒండ్రు పట్టియుండెను.

ఇంజనును బాగుచేయువాడు దొరకెను. లోపలి పనికి మాత్రము నేనే తొందరపడితిని. పట్టణమున నొక మరమ్మతుశాలవారు "పాతవి దేనికండీ, అన్నీ కొత్తవి వేసేద్దాం" అనిరి. నాకును ఆ మాట నచ్చెను. ముందరి యెడమ తలుపు పలక ఉబ్బి, బూజుపట్టి, దుర్గంధము కొట్టుచుండుటచే, దానిని చేతులార ఊడబెరికి, వరద చెత్తతోపాటు కాల్చివేసితిని. వారు అంచనామీద ఒక కొత్త పలక కోసి బిగించిరి. మర లొకచోట, రంధ్రము లొకచోట. అమరని చోటులం దెల్ల మరల రంధ్రములు వేసిరి. బండి కదలినంతనే ఆ పలక తాళము వేయుచుండెను.

ఎనుబదియైదేండ్లు దాటిన పెద్దమ్మకు చూపు మందగించినది. ఆమెను తెచ్చి ముందుసీటున కూర్చుండబెట్టితిమి. అలవాటు చొప్పున మోచేయి ఆన్చబోయి, ఆగి, చేతితో పలకను రెండుమారులు తడవి, "బండి బాగుంది నాయనా. ఎవరిది?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. మిగిలిన మూడు తలుపుల జోలికి పోవలదని పనివారిని వారించి, ఈ పలక యననేమో, అది యేల చెడునో, ముందుగా తెలిసికొనవలె నని నిశ్చయించుకొంటిని.

పలక మూడు పొరల కూర్పు. అడుగున గట్టియట్ట, నడుమ పలుచని మెత్త, పైన రెక్సిను. గట్టియట్టను వాడుకలో హార్డుబోర్డు అందురు. దీనిని 1924 ప్రాంతమున అమెరికాలో విలియం మేసన్ అనునాతడు కనిపెట్టెను. కట్టెముక్కలను ఆవిరి యొత్తిడిలో నుంచి ఆ యొత్తిడిని ఒక్కసారిగా విడిచినచో అవి పీచుగా విచ్చిపోవును. ఆ పీచును మరల వేడితో నదిమినచో, కట్టెలో సహజముగ నుండు లిగ్నిన్ అను పదార్థమే జిగురై పీచును బంధించును. మన సారపాకలో 1979 మొదలుకొని నడచు కర్మాగారము సంగతి మీ రెరుగుదురు. తెల్లని కాగితమునకై కట్టెనుండి యీ లిగ్నినును తొలగింతురు. గట్టియట్టకు దానినే నిలుపుదురు. రెండింటికిని మూలము కట్టెపీచే. పీచు నీటిని త్రాగును, ఉబ్బును. ఒకమారు బాగుగా ఉబ్బిన యట్ట యెండినను పూర్వపు మందమునకు మరలి రాదు.

రెక్సిను అను పేరు మొదట ఇంగ్లండులో మాంచెస్టరు దాపున హైడ్ అను పట్టణమున తయారైన తోలువంటి గుడ్డకు వ్యాపారనామము. మన దేశమున అట్టి గుడ్డల కన్నిటికి నదే పేరు నిలిచిపోయినది. ఇది నీటికి చెడదు, ఎండకు చెడును. మన వేసవి యెండలో తలుపులు మూసి నిలిపిన బండి కుంపటివలె కాగును. అప్పుడు రెక్సినులోని మెత్తదనము క్రమముగా హరించి బీటలు వారును.

ఇంకొక రహస్యము కలదు. వరద రాకున్నను పలకలు చెడును. అద్దము దిగు సందునుండి ప్రతి వానకును నీరు తలుపులోనికి దిగుచునే యుండును. ఇది తయారుచేసినవారికి తెలిసిన సంగతియే. అందుచేతనే తలుపు అడుగున నీరు పోవుటకు చిన్న రంధ్రము లుంచిరి. తలుపునకును పలకకును నడుమ తడి తగులకుండ నొక పొరను అంటించిరి. ఏండ్ల తరబడి దుమ్ము, ఆకులు చేరి ఆ రంధ్రములు పూడిపోవును. పనివారు తొందరలో ఆ పొరను చించివేయుదురు. నీరు లోపల నిలిచి పలకను అడుగునుండి తినివేయును. ఇంటికప్పు కారుచుండగా గోడకు సున్నము కొట్టిన నేమి ప్రయోజనము? పలకను ముట్టుటకు ముందు అద్దము సందునందలి రబ్బరును, అడుగు రంధ్రములను, లోపలి పొరను చూడవలెను. మా బండి వెనుక తలుపు రంధ్రములను పుల్లతో పొడిచినప్పుడు ఒండ్రుతోపాటు తామరపువ్వు గుర్తు గల పసుపుపచ్చని యిరువదిపైసల నాణె మొకటి బయటపడెను. ఏ రోగి బంధువు చేతినుండి జారినదో!

ఇట్లు వెదకుచుండగా కొత్తగూడెమున సీట్లు కుట్టు నొక వృద్ధ ఉస్తాదు దొరకెను. కాల్చివేసిన పలక సంగతి చెప్పగా ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "పంతులుగారూ, పాతదాన్ని కాల్చేసి కొత్తది చెయ్యమంటే నేను దేన్ని చూసి చెయ్యాలి? మీరు పుస్తకం లేకుండా పాఠం చెప్తారా?" అనెను.

ఆ మాట నాకు శూలమై నాటినది. చిన్ననాడు గురువుగారియొద్ద తాళపత్రములకు ప్రతులు వ్రాసితిని. ఏ ప్రతిని చూచి వ్రాయుదుమో దానికి మాతృక యని పేరు. అది యెంత శిథిలమైనను, కొత్త ప్రతి పూర్తియై సరిచూచుకొన్నవరకును, ఆ తరువాతను, మాతృకను పారవేయరాదు. చెదలు తినిన చోట మన కవిత్వమును చేర్పరాదు. 'గ్రంథపాతము' అని వ్రాసి ఆ చోటు విడువవలెను. ఇతరులకు నలువది యేండ్లు చెప్పిన యీ నియమమును నేను బండి తలుపువద్ద మరచితిని.

ఉస్తాదు మిగిలిన మూడు పలకలను బాగుచేసిన క్రమమును చెప్పెదను. మీ యింట పాత జీపుగాని, కారుగాని యున్నచో నుపయోగపడును.

మొదట అద్దమును త్రిప్పు పిడిని, తలుపు పిడిని తీయవలెను. కొన్ని బండ్లలో వానిని చిన్న సీల పట్టియుంచును, కొన్నింట మర పట్టియుంచును, చూడక లాగరాదు. పలక తలుపునకు ఉక్కు పట్లతో బిగిసియుండును. అంచును పట్టి లాగినచో అట్ట చినుగును గాని పట్టు ఊడదు. వెడల్పయిన బద్దను సరిగా పట్టుక్రిందికి దూర్చి, ఒక్కొక్క పట్టును విడిగా లేవదీయవలెను. తీసిన ప్రతి పలక వెనుకను ఏ తలుపునకు చెందినదో సీసపుకడ్డీతో వ్రాయవలెను.

తరువాత రెక్సినును అట్టనుండి వేరుచేయుట. ఇది ఓపిక పని. నీడపట్టున నారనిచ్చి, కొంచెము వెచ్చదనము తగులనిచ్చి, మూలనుండి వ్రేలి మందము చొప్పున నెమ్మదిగా లేపవలెను. మురికిని కుంకుడురసముతో మెత్తని గుడ్డ తడిపి తుడువవలెను. సోడా, కిరసనాయిలు తగులరాదు. బూజును ఇంటిలో దులుపరాదు. బయట గాలిలో, ముక్కునకు గుడ్డ కట్టుకొని దులుపవలెను.

పిమ్మట కొలత. ఉబ్బిన యట్ట అంచులు పెరిగియుండును గనుక దాని నొక్కదానినే నమ్మరాదు. పాత యట్టను దళసరి కాగితముపై పరచి, అంచును, ప్రతి రంధ్రమును గీసికొని, ఆ కాగితమును తలుపుపై నుంచి, తలుపునందలి రంధ్రములతో సరిచూడవలెను. మాతృకను, అర్థమును ఒకదానితో నొకటి పోల్చి పాఠమును నిర్ణయించుట యనగా నిదియే. ఉస్తాదు ఒక్కొక్క కాగితమును మూడేసిమారులు కత్తిరించెను. అట్టను మాత్రము ఒక్కమారే కోసెను.

కొత్తయట్ట పాతదాని మందమే యుండవలెను. మందము పెరిగినచో పట్లు అందవు, పిడులు బిగియవు. కోసిన తరువాత దాని వెనుకవైపునను, అంచులకును, రంధ్రముల లోపలి గోడలకును వార్నిషు రెండు పూతలు పూయవలెను. నీరు ముఖముకంటె అంచునుండియే యెక్కువగా ప్రవేశించును. వెనుకటి పనివారు ఈ యంచు పూతను చాలవరకు ఉపేక్షించిరి.

తుదకు రెక్సినును తొడుగుట. దానిని ఎండలో కొంతసేపు పరచి మెత్తబడనిచ్చి, రబ్బరు జిగురును అట్టకును గుడ్డకును పూసి, తడి యారి వ్రేలికి కొంచెము అంటునట్లున్నపు డతికింపవలెను. ఈ జిగురు ఆవిరి నిప్పునంటును. దగ్గర చుట్ట కాల్చువారిని నిలువనీయరాదు. మొదట నడుమ అతికించి, పిదప ఎదురెదురు అంచులను మార్చి మార్చి లాగవలెను. ఒకవైపు పూర్తిగా లాగి రెండవవైపునకు వచ్చినచో గీతలు వంకరపోవును. మూలలయందు మడత లావు గాకుండ చిన్న చీలికలు తీసి వెనుకకు మడువవలెను. తుప్పుపట్టిన పట్లను మార్చి, లోపలి పొరను మరల అంటించి, అప్పుడు పలకను తలుపున కదుమవలెను. సరిగ చేసిన పలక అరచేతితో తట్టిన చాలును, కూర్చుండును; సుత్తి కోరదు.

ఇట్లు మూడు పలకల యందును అట్ట కొత్తది, రెక్సిను పాతది. పాత యట్టలను కట్టగట్టి, చీటీ వ్రాసి, అటకపై నుంచితిని.

ఇంత శ్రమ యేల, పాతబండి పలకకు ఇంతటి గౌరవమేల యని యడుగువారు కలరు. రెండు బండ్ల సంగతి చెప్పెదను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఒక రోల్సు రాయిసు బండికి పురమాయించెను. ఆయన 1911లో గతింపగా అది ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖానునకు చెందెను. లండనులోని బార్కరువారు దాని పైకట్టును నిర్మించిరి. రంగు పసుపుపచ్చన, లోపల నిజామునకు సింహాసనమువంటి యాసనము. అది చాలకాలము తిరుగక పడియుండి, మరల బాగుచేయబడి, హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున ప్రదర్శనకు వచ్చెను. రెండవది ప్రజల బండి. 1932లో నిజాము రాష్ట్రపు రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో బస్సుల నడక నారంభించిరి. స్కాట్లండులోని గ్లాస్గోలో తయారైన ఆల్బియను బస్సు లవి. వానిలో ఒకదానిని తరువాతివారు ప్రదర్శనకై నిలిపియుంచిరి.

రాజు బండికి చిత్తరువులు కలవు, చేసినవారి లెక్కలు కలవు. అందొక భాగము పాడైనను వానిని చూచి మరల చేయవచ్చును. మన పల్లెలలోని బండికి చిత్తరువు లేదు, దస్తావేజు లేదు; దాని చరిత్రము దాని దేహమునందే కలదు. కనుకనే రాజు బండికంటె మన బండి విషయమున హెచ్చు జాగ్రత్త కావలెను.

ప్రభుత్వమువారును ఈ విషయమును కొంత గుర్తించిరి. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము నియమములు ప్రకటించెను. మొదట రిజిష్టరైన నాటినుండి 50 ఏండ్లు దాటి, వ్యాపారమునకు వాడబడక, మూలరూపమున నిలిచిన కార్లను, మోటారుసైకిళ్లను 'వింటేజి' వాహనములుగా నమోదు చేయవచ్చును. చట్రము, పైకట్టు, ఇంజను వీనియందు పెద్దమార్పు లుండరాదు. తలుపు పలకల పేరు అందు లేకపోవచ్చును. మూలరూప మను మాటలోని భావము మాత్రము వానికిని వర్తించును.

దేవాలయములయందు జీర్ణోద్ధారణము చేయునపుడు పాటించునదియు నిదియే గదా! నిలువగల శిలను నిలుపుదురు. నిలువలేని దానినే మార్చుదురు. జీర్ణమైన దానిని ఉద్ధరించుట వేరు, తొలగించి క్రొత్తది కట్టుట వేరు.

ఇక కాల్చివేసిన పలక మాట. దానికి ఉస్తాదు ఎదుటి తలుపు పలకను తిరుగవేసి కొలత తీసి, సరియైన పలకను చేసెను. నా మనస్సు అంతటితో కుదుటపడలేదు. "ఉస్తాదూ, ఇక్కడ జానెడు కోసి, నీలపు ముక్క ఒకటి కుట్టి పెట్టు. పెద్దమ్మకు తెలియదు" అంటిని. ఆయన సూది చేతబట్టి నిలిచెను గాని కోయలేదు. అరుగుమీద కూర్చున్న పెద్దమ్మ మా మాటలు విన్నది. "చినగని దానికి అతుకెందుకురా? ఆ పిల్లవాడు బతికాడు, అది చాలదూ?" అనెను.

ఆమె మాటతో పని అక్కడ నిలిపితిమి. పలకను బిగించుటకు ముందు దాని వెనుక నేనిట్లు వ్రాసితిని: 'ఇది కొత్త పలక. పాతదానిని నేను తెలియక కాల్చితిని. దానిపై నీలపు అతు కుండెను, పెద్దమ్మ కుట్టినది.' క్రింద తేదీ వేసితిని. ఎన్నటికైన మరియొకడు ఈ పలకను ఊడదీసినప్పుడు ఇది మాతృక కాదని, ఇచ్చట గ్రంథపాత మున్నదని తెలిసికొనును.

పెద్దలారా, మీ యిండ్లలోను పాతబండి, పాత పెట్టె, తాతలనాటి ద్వారబంధము ఏదో యొకటి శిథిలమై యుండును. బాగుచేయుడు, చేయింపుడు. ఉబ్బినదానిని, పుచ్చినదానిని మార్చుటలో తప్పు లేదు. అయితే కొత్తది సరిగ అమరువరకైనను పాతదానిని నిప్పునకు అర్పింపకుడు. మార్చినదానిపై మార్చితి మని వ్రాసి యుంచుడు. ఈ రెండు మాటలు మీ పిల్లలకును చెప్పుడు.